పక్కటెముకల లెక్క

బల్ల గ్లాసులు కడగడం ఆడవాళ్ళ పని, పంచడం మగవాళ్ళ పని. నెలలో మొదటి ఆదివారం మా చర్చిలో ప్రభువు బల్ల ఉంటుంది. ద్రాక్షరసం పోసి పంచే బొటనవేలంత గ్లాసులు, నూట ఇరవై. ఒక్కొక్కదాంట్లో చిటికెనవేలు పెట్టి తిప్పి, సబ్బు వాసన పోయేదాకా మూడు నీళ్ళల్లో ముంచి, తెల్లగుడ్డ మీద బోర్లించాలి. పదమూడేళ్ళుగా కడుగుతున్నాను. ఆరాధన మొదలయ్యాక ఆ గ్లాసులున్న ట్రే ముట్టుకునే అర్హత మటుకు మా చేతులకి లేదు. ఎందుకని ఒకసారి అడిగితే, "అది క్రమం" అన్నాడు డేవిడ్ రాజు. డేవిడ్ రాజు నా మొగుడు. సంఘంలో పెద్ద, సండేస్కూలుకి సూపరింటెండెంటు. నాకు అర్థంకానివన్నీ అతనికి క్రమంగానే కనపడతాయి.

ఆ ఆదివారం పొద్దున నేను చర్చి వెనక పంపు దగ్గర కూర్చుని గ్లాసులు కడుగుతున్నాను. పక్కన రేకుల గదిలో సండేస్కూలు జరుగుతోంది. కిటికీలోంచి అతని గొంతు వినిపిస్తోంది. దేవుడు ఆదాముకి గాఢనిద్ర పట్టించి పక్కటెముక తీశాడు, దానితో హవ్వని చేశాడు, అందుకే ఈరోజుకీ మగవాళ్ళకి ఒక ఎముక తక్కువ అని చెప్తున్నాడు. "ఆడవాళ్ళకి ఇరవై నాలుగు, మగవాళ్ళకి ఇరవై మూడు. సైన్సు కూడా ఒప్పుకుంది. మగపిల్లలంతా చొక్కాలెత్తి లెక్కపెట్టుకోండి!" అన్నాడు. మగపిల్లలు లెక్కపెట్టుకున్నారు. ఒకడికి పద్దెనిమిది వచ్చాయి, ఒకడికి పదమూడే వచ్చాయి, ఒకడికి చక్కిలిగింతలు పుట్టి లెక్క తప్పిపోయింది. అప్పుడు మా దీవెన లేచి నిలబడింది. దానికి పన్నెండేళ్ళు, ఏడో తరగతి.

"నాన్నా, అందరికీ ఇరవై నాలుగేనండీ. అమ్మ హాస్పటల్లో నేను చూశాను."

"కూర్చో."

"అయినా ఆదాముకి తీస్తే పిల్లలకెందుకు తగ్గుతుంది? తాతయ్యకి రెండు వేళ్ళు రైస్ మిల్లులో తెగిపోయాయి గదా, మరి మీకు పదీ ఉన్నాయి?"

గదంతా గొల్లుమంది. పాపం పిల్లలు, వాళ్ళకి ఆదాముతో తగువేం లేదు, సారుకి పదివేళ్ళున్నాయన్న మాటే తమాషాగా ఉంది. పంపు దగ్గర నేనూ నవ్వాను. చేతిలో గ్లాసు పట్టుకుని, నోటికి మోచెయ్యి అడ్డం పెట్టుకుని, చాలా రోజుల తర్వాత నవ్వాను. తలెత్తేసరికి కిటికీలో అతని మొహం ఉంది.

బయట అతనికి కోపం రాదు. ఆరోజు కూడా బల్ల పంచాడు, అందరికీ చేతులు కలిపాడు, పాస్టరుగారి మనవడిని ఎత్తుకుని ముద్దాడాడు. ఇంటికొచ్చాక నేను చెప్పులు విడుస్తుండగానే చెంప మీద పడింది. చెవిలో గుయ్యిమంది. "నవ్వుతావే? పదిమందిలో మొగుణ్ణి చూసి నవ్వుతావే? మిషను మీట నొక్కేదానివి, దేవుడికంటే నీకెక్కువ తెలుసా? దానికి ఆ మాటలు నేర్పింది నువ్వు కాదూ?" రెండో దెబ్బకి గోడకి కొట్టుకున్నాను. మా మావయ్య దేవదానంగారు వరండాలో కుర్చీలో కూర్చుని, రెండు వేళ్ళు లేని ఆ చేతిని తువ్వాలు కింద పెట్టుకున్నాడు. అత్తయ్య మేరీ వంటింట్లోంచి తొంగిచూసి, "మొగుడు కోపంలో ఉన్నప్పుడు నోట్లో నీళ్ళు పోసుకుని కూర్చోవాలమ్మా సరోజినీ. నేను నలభై ఏళ్ళు అలాగే గడిపాను" అంది. నిజమే, గడిపింది. ఆ నీళ్ళు మింగలేకా ఉమ్మలేకా ఆవిడ ముసలిదైపోయింది.

అతని భయమేమిటో నాకు తెలుసు. ఈస్టరు తర్వాత బంటుమిల్లి దగ్గర పెట్టే కొత్త సంఘానికి ఇతన్ని పాస్టరుగా పంపాలని కమిటీ అనుకుంటోంది. సొంత ఇంటివాళ్ళని అదుపులో పెట్టుకోలేనివాడు సంఘాన్నేం పెట్టుకుంటాడని ఎవరైనా అంటే అంతే సంగతులు. అలాగని అతను చదువుకోని మనిషా అంటే అదీ కాదు. వారంలో ఆరు రోజులు రొయ్యల మేత కంపెనీలో ఫీల్డ్ ఆఫీసరు. చెరువు గట్ల మీద తిరుగుతూ నీళ్ళలో ఉప్పెంత, ఆక్సిజనెంత అని కిట్టు పెట్టి చూస్తాడు. రొయ్యకి తెల్లమచ్చ రోగం వస్తే సాతాను పని అని ప్రార్థన చేయించడు, ల్యాబుకి పంపి పరీక్ష చేయించమంటాడు. రొయ్యకి ఇచ్చిన మర్యాద ఆదివారం నాడు పెళ్ళానికీ కూతురికీ ఇవ్వడానికి అతనికి చేతులు రావు.

మంగళవారం సాయంత్రం చెరువుల మీంచి వచ్చీ రాగానే బీరువా మీదున్న కవరు దించాడు. పోయినేడు కంపెనీ మెడికల్ కోసం తీయించుకున్న అతని ఛాతీ ఎక్స్‌రే. తీసింది నేనే. కిటికీకి ఎదురుగా పట్టుకుని బాల్‌పెన్ను మొనతో ఒక్కో ఎముకా లెక్కపెట్టాడు. ఎడమవైపు పన్నెండు. కుడివైపు పదకొండు. మళ్ళీ లెక్కపెట్టాడు, మళ్ళీ పదకొండే. మొహం వెలిగిపోయింది. "సరోజినీ! ఇట్రా! నీ మిషనే ఒప్పుకుంది, చూడు" అన్నాడు. పెళ్ళయ్యాక అంత ప్రేమగా నన్ను పిలిచింది అదే అనుకుంటాను.

ఛాతీకి తీసే ఎక్స్‌రే ఊపిరితిత్తుల కోసమనీ, అట్టడుగున ఉండే పన్నెండో ఎముక పొట్టిదనీ, కుడివైపు అది కాలేయం నీడలో పడి తెల్లగా కలిసిపోతుందనీ చెప్పాను. "లేకపోవడం కాదండీ, కనపడకపోవడం. రేపు హాస్పటలుకి రండి, పది నిమిషాల్లో మీ పన్నెండోది మీకు చూపిస్తాను" అన్నాను. మర్యాదగానే అన్నాను. అతను ఫిల్ముని జాగ్రత్తగా కవర్లో పెట్టుకుని, "నాకు చూపించక్కర్లేదు. వచ్చే ఆదివారం ఆరాధనలో లేచి సాక్ష్యం చెప్తావు. ఇన్నేళ్ళుగా ఎక్స్‌రేలు తీస్తున్నాను, ఈ ఫిల్ము నా చేత్తో తీసిందే, మగవాడికి ఇరవై మూడే అని చెప్తావు. తర్వాత దీవెన లేచి, మా అమ్మ చెప్పిన అబద్ధం నమ్మాను, క్షమించండి అంటుంది" అన్నాడు. కూర ఏం వండాలో చెప్పినట్టు చెప్పాడు.

ఆ మాట విన్న దగ్గర్నుంచీ నాకు నిద్రా లేదు, తిండీ లేదు. నా సంగతి పోనీ. బందరులో ఈ ప్రైవేటు హాస్పటల్లో పదిహేనేళ్ళుగా పనిచేస్తున్నాను. పాస్టర్లకి తీశాను, పూజారులకి తీశాను, ఇమాముగారికి తీశాను, పెడనలో కలంకారీ అచ్చులేసి వేసి భుజం పోయిన శోభనాద్రిగారికి తీశాను, కల్లుగీసేవాళ్ళకీ ఎస్సైలకీ తీశాను. అందరికీ పన్నెండు జతలే. ఏ రెండొందలమందిలోనో ఒకళ్ళకి మెడ దగ్గర అదనంగా ఒకటుంటుంది, అదీ ఆడవాళ్ళకే ఎక్కువట. దాన్ని ఏ వాక్యంతో కలపాలో డేవిడ్ రాజే చెప్పాలి. అయినా నేను లేచి ఒక అబద్ధం చెప్పగలను. ఎన్ని చెప్పలేదు? కానీ దీవెన? అది చూసిన దాన్ని చూసినట్టు చెప్పింది. అడగాల్సిన ప్రశ్న అడిగింది. ఆ వయసులో నేను అడగలేదు. అలాంటి పిల్ల నూట యాభైమంది ముందు తల దించుకుని, నా కళ్ళు అబద్ధం అని చెప్పాలా? ఒకసారి చెప్తే ఇక జీవితమంతా చెప్తుంది. నాకు తెలుసు, నేను చెప్తున్నాను గదా.

నాకు దేవుడితో గొడవ లేదు. ఈ సంగతి ఎవరికీ నమ్మబుద్ధి కాదు గానీ, నిజంగా లేదు. మా నాన్న హంసలదీవి దగ్గర తాటాకుల షెడ్డులో ముప్ఫై ఏళ్ళు సండేస్కూలు చెప్పాడు. డెబ్భై ఏడు ఉప్పెనలో వాళ్ళమ్మ పోయింది, తొమ్మిదేళ్ళ చెల్లెలు పోయింది. చెల్లెలు మూడోరోజున తుమ్మకంపలో దొరికిందట. ఆ తర్వాత పట్నంనుంచి ఒక బోధకుడొచ్చి, ఇది నోవహు నాటి జలప్రళయం లాంటిదే, పాపం పండింది గనక దేవుడు కడిగేశాడు అని చెప్పాడట. మా నాన్న లేచి, "మా చెల్లి చేసిన పాపమేంటో చెప్పండయ్యా" అని అడిగాడు. ఆయన ప్రార్థన చేద్దామని కళ్ళు మూసుకున్నాడట. అంతమాత్రాన మా నాన్న బైబిలు మూసేయలేదు. "సముద్రం మీద గాలి గుండం తిరిగితే ఉప్పెనొస్తుందమ్మా, అది లెక్క. పోయినవాళ్ళ కోసం ఏడ్చేవాళ్ళ పక్కన కూర్చోవాలి, అది వాక్యం. ఆ రెండూ కలిపి పిసికితేనే విషమవుతుంది" అనేవాడు. ఎముక కథ చెప్పేటప్పుడు కూడా లెక్కలు చెప్పేవాడు కాదు. ఇద్దరూ ఒకే ఒంటివాళ్ళు, ఒకళ్ళని కొడితే రెండోవాళ్ళకి నొప్పెయ్యాలి, అంతేరా కథ అనేవాడు. మా పెళ్ళిలో పాస్టరుగారు కూడా ఆ కథే చెప్పారు. డేవిడ్ రాజు అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నాడు.

శనివారం వచ్చింది. నేను డ్యూటీనుంచి వచ్చి స్టవ్వు మీద పప్పు పెట్టి బియ్యం కడుగుతున్నాను, ఇంకా పూర్తిగా చీకటి పడలేదు. హాల్లో ట్యూబులైటుకి ఫిల్ము ప్లాస్టరుతో అంటించి, "ఇద్దరూ రండి, ఒకసారి చెప్పి చూపించండి" అన్నాడు. తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ వెళ్ళాను. నాలుగు రోజులుగా లోపల దాచుకున్న మాట తేలిగ్గానే బయటికొచ్చింది. "నేను చెప్పనండీ. అది చెప్పదు. మీకు కావాలంటే మీరే చెప్పుకోండి."

అతను నన్ను కొట్టలేదు. దీవెన జుట్టు పట్టుకుని గదిలోంచి లాక్కొచ్చాడు. మోకాళ్ళ మీద కూలేసి, జడ చేతికి చుట్టుకుని తల వెనక్కి వంచి, "చెప్పు. మా అమ్మ అబద్ధం చెప్పింది. చెప్పు!" అన్నాడు. పిల్ల గొంతు సాగిపోయి కళ్ళు పైకి తిరిగాయి. మాట రావడంలేదు. మాట ఎలా వస్తుంది, మెడ అలా విరిచి పట్టుకుంటే? నేను వెళ్ళి అతని చెయ్యి కొరికాను. అవును, కొరికాను, పళ్ళు దిగేదాకా. జడ వదిలాడు. నన్ను మంచం కోడు మీదికి తోశాడు, కింద పడ్డాను, ఆ తర్వాత తన్నడం మొదలుపెట్టాడు.

తన్నులు తింటూ కూడా నా బుర్ర ఊరుకోలేదు. ఎడమ పక్క, వెనకవైపు, ఏడో ఎముక దగ్గర. ఇది ఎనిమిది. ఇదీ ఎనిమిదే. పచ్చి కర్ర విరిచినట్టు లోపల చప్పుడైంది. అప్పుడు తొమ్మిది. ఊపిరి లోపలికి రావడంలేదు. నోట్లో రక్తం ఉప్పగా ఉంది, అది నాలుక కొరుక్కున్నదే, ఊపిరితిత్తిది కాదు అని కూడా నాకు నేనే చెప్పుకున్నాను. అత్తయ్య వచ్చి కిటికీలు మూసింది, టీవీలో పాటల సౌండు పెంచింది. ఆవిడ మొహంలో నా మీద కోపం లేదు, కొడుకు మీద కోపం లేదు, ఎసరు పొంగితే మూత తీసే మనిషిలా చకచకా పని చేసుకుపోయింది. "ఒరేయ్, చచ్చిపోతుందిరా" అన్నాడు మావయ్య చివరికి. అప్పుడాగాడు. చెయ్యి మీద నా పళ్ళగాట్లకి డెట్టాలు రాసుకుని, బైబిలు తీసుకుని శనివారం ప్రార్థనకి వెళ్ళాడు. వెళ్తూ, "పొద్దున పదింటికల్లా చీర కట్టుకుని, పిల్లని తీసుకుని చర్చికి రా. ఫిల్ము మర్చిపోకు" అన్నాడు. పప్పు మాడి ఇల్లంతా వాసన. దీవెన వెళ్ళి స్టవ్వు కట్టేసింది.

పొద్దున అతను ఎనిమిదింటికే చర్చికి వెళ్ళాడు. నేను చీర కట్టుకోలేకపోయాను, చెయ్యి పైకి లేవడంలేదు. నైటీ మీద చున్నీ కప్పుకున్నాను. ఆటో ఎక్కాక, "ఎటండీ, చర్చికేనా?" అన్నాడు రోజూ చూసే కోటిలింగం. హాస్పటలుకి పోనివ్వమన్నాను. దీవెన జారుతున్న నా చున్నీ సర్దింది.

ఆదివారం డ్యూటీలో దుర్గాభవాని ఉంది. నేను పని నేర్పిన పిల్ల. నన్ను చూసి మొహం పాలిపోయింది గానీ పని మానలేదు. స్టాండు ముందు నిలబెట్టి, చేతులు పక్కకి పెట్టి, "గాలి పీల్చి ఆపండి అక్కా" అంది. రోజుకి వందసార్లు నేను చెప్పే మాట. పీల్చలేకపోయాను. మూడోసారికి ఎలాగో తీసింది. మానిటరు మీద బొమ్మ వచ్చింది. ఎడమవైపు ఎనిమిదీ తొమ్మిదీ విరిగాయి. నేను అనుకున్నవే. కానీ ఏడోదాని మీద ఒక చిన్న బొడిపె కూడా ఉంది. విరిగిన ఎముక తనంతట తాను అతుక్కుంటే అలా గట్టిపడుతుంది. అది మూడేళ్ళ కిందటి దెబ్బది. అప్పుడు ఎక్స్‌రే తీయించుకోలేదు. నెలరోజులు ఎడమపక్కకి తిరిగి పడుకోలేకపోయాను, ఏదో కండ నొప్పిలే అని నాకు నేను చెప్పుకున్నాను, నమ్మాను కూడా. భూమి లోపల పొరల్ని చూసి దాని వయసు చెప్తారంటే మా సంఘంలో నవ్వుతారు, ఆరువేల ఏళ్ళే అంటారు. నా ఒంట్లో పొరలు నాకే తెలియలేదు, వాళ్ళనేం అంటాను!

కాజువాలిటీలో డాక్టరు శ్రీలేఖగారున్నారు. ఈ మధ్యే చేరింది, చిన్న వయసు. ఫిల్ము చూసి, నా పెదవి చూసి, కాగితం ముందుకి లాక్కుంది. "ఎలా తగిలిందండీ?"

నేను ఊపిరి కూడదీసుకునేలోపే దీవెన అందుకుంది. "బాత్రూంలో జారిపడింది మేడమ్. సబ్బు నీళ్ళున్నాయి. బకెట్టు అంచు తగిలింది."

తడబాటు లేదు, కళ్ళు దించుకోలేదు, ఒక్క మాట అటూ ఇటూ కాలేదు. బకెట్టు అంచట! ఆ అంచు నేను కూడా ఎప్పుడూ చెప్పలేదు, అది దాని సొంతం. ఇలా వచ్చిన ఆడవాళ్ళని ఎంతమందిని చూశాను ఆ ఎక్స్‌రే గదిలో. అందరికీ ఎడమవైపే, అందరికీ బాత్రూమే. వాళ్ళు చెప్పేది ఒకటి, ఎముక చెప్పేది ఇంకొకటి. ఎముక చెప్పింది నాకు వినిపించినా వాళ్ళు చెప్పిందే చీటీలో రాసుకునేదాన్ని, జారిపడింది అని. దీవెన రెండో తరగతిలో ఉండగా నా కన్ను నల్లబడితే, టీచరుగారు అడిగితే ఏం చెప్పాలో ముందురోజే పక్కన కూర్చోబెట్టుకుని నేర్పాను. తప్పు చెప్తే మళ్ళీ మొదటినుంచీ చెప్పించాను. డేవిడ్ రాజు ట్యూబులైటు కింద చేసింది ఇంకేంటి? అతను జుట్టు పట్టుకుని నేర్పబోయాడు, నేను ముద్దు పెట్టుకుని నేర్పాను. అతని దగ్గర పిల్ల లొంగలేదు. నా దగ్గర లొంగిపోయింది.

నా మీద నాకు అంత అసహ్యం ఎప్పుడూ పుట్టలేదు. శ్రీలేఖగారు పెన్ను ఆనించి రాయడం మొదలుపెట్టింది.

"రాయకండి మేడమ్. అది నిజం కాదు" అన్నాను.

పెన్ను ఆగింది. నేను దీవెన వైపు తిరిగాను. తిరిగేటప్పుడు ప్రాణం పోయినంత పనైంది. "నువ్వు చెప్పింది అబద్ధం దీవెనా. నేర్పింది నేనే, తప్పు నాదే. నన్ను కాపాడ్డానికి కూడా ఇంకెప్పుడూ చెప్పకు" అన్నాను. అది కుర్చీ నా దగ్గరికి జరుపుకుని కూర్చుంది. ఏడవలేదు.

శ్రీలేఖగారు తలుపు మూసి వచ్చి కూర్చుంది. "అక్కా, నిజం రాస్తే ఇది మెడికో లీగల్ కేసు అవుతుంది. పోలీసులకి కబురు పంపాలి. ఒకసారి పంపాక వెనక్కి తీసుకోవడం నా చేతిలో ఉండదు. ఇంట్లో ఎవరితోనైనా మాట్లాడతారా?"

"నేను ఇక్కడే పదిహేనేళ్ళుగా పనిచేస్తున్నానమ్మా, తర్వాత ఏమవుతుందో నాకు తెలుసు. రాయండి."

చున్నీ కొసన మూటగట్టుకున్న ఫోను మోగింది. పదిన్నర. ఈపాటికి పాటలైపోయి సాక్ష్యాలకి లేవమని ఉంటారు. మోగి మోగి ఆగింది, మళ్ళీ మోగింది. దీవెన ఫోను తీసి, నన్నడక్కుండానే స్విచాఫ్ చేసి బల్ల మీద పెట్టింది.

"కొట్టిందెవరు?"

"నా భర్త. డేవిడ్ రాజు."

"ఎప్పుడు?"

"నిన్న సాయంత్రం. ఆరున్నరకి."

"చేత్తోనా?"

ఆఁ అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు. పోలీసులు చదువుతారు, చర్చిలో తెలుస్తుంది, బిడ్డ తండ్రి గదా, కొంచెమైనా తగ్గిద్దామనిపించింది. అక్కడిదాకా వచ్చి కూడా! శ్రీలేఖగారు రాసుకుంటోంది.

దీవెన కుర్చీలోంచి లేచి, బల్ల దగ్గరికి వచ్చి కాగితంలోకి తొంగిచూసింది.

"చేత్తో కాదండీ," అంది, "కాలితో."

శ్రీలేఖగారు నా వైపు చూసింది. నేను తలూపాను. ఆవిడ రాసింది కొట్టేసి, దాని పైన మళ్ళీ రాసింది.